నీలంగా వచ్చిన పెళ్లి

నంద్యాలలో ఆ రోజుల్లో ఫోటో దిగడం ఒక పని, దిగిన ఫోటోకు రంగు వేయించుకోవడం ఇంకో పని. మొదటిది సుందరరాజు చేసేవాడు, రెండోది అతని భార్య కృపమ్మ చేసేది. గాంధీ చౌక్ దగ్గర సందులో ఉన్న షారోన్ స్టూడియో ఎవరిదని అడిగితే జనం సుందరరాజుదనే చెప్పేవాళ్లు. ఫోటో ఎక్కడ బాగుంటుందని అడిగితే మాత్రం కృపమ్మ దగ్గరికి పొమ్మనేవాళ్లు. ఈ తేడాకు సుందరరాజు ఎన్నడూ నొచ్చుకోలేదు. నొచ్చుకునే తీరిక ఆయనకెక్కడిది, ఎప్పుడూ ఏదో ఒక వస్తువు ఎక్కడో పెట్టి మరిచిపోయి వెతుక్కుంటూ ఉండేవాడు.

కృపమ్మ రుద్రవరం మిషన్ బడి పంతులు దేవరాజు కూతురు. చిన్నప్పుడు సండే స్కూలు పిల్లల కోసం నాయన గీసిన బొమ్మలకు రంగులు పూసేది. నోవహు ఓడకు ఏ రంగు వేయాలని ఒకసారి అడిగితే, "మన మిద్దె దూలం ఏ రంగుంటాదో ఆ రంగెయ్యి. చూడని రంగు ఎప్పుడూ ఎయ్యాకు" అన్నాడట ఆయన. ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. 1972లో పెళ్లయి నంద్యాలకు వచ్చి, నలుపు తెలుపు ఫోటోల మీద రంగులద్దే పని నేర్చుకున్నాక కూడా ఆ మాట దాటలేదు.

ఆ పనికి కావలసిన రంగు మద్రాసు నుంచి వచ్చేది. రంగు పట్టించిన చిన్న చిన్న కాగితాల పుస్తకం అది. కాగితం ముక్క కత్తిరించి నీళ్లలో వేస్తే రంగు దిగేది. వెదురుపుల్లకు దూది చుట్టి, ఆ నీళ్లలో ముంచి, ఫోటో మీద పొర తర్వాత పొర పూయాలి. తొందరపడి ముదురుగా పూశారా, ఇక ఎవరి వల్లా కాదు, మొహానికి గోరింటాకు పెట్టినట్టే. కొన్ని ఊళ్లలో రంగులేసేవాళ్లు చీర అంటే ఎరుపు, పెదవి అంటే ఇంకా ఎరుపు అని కానిచ్చేసేవాళ్లు. కృపమ్మ మాత్రం ఫోటో తెచ్చినవాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి అడిగేది.

"చీర పచ్చదే అంటాండావు. ఏ పచ్చన్నా? చిలకపచ్చా, మామిడాకు పచ్చా?"

"ఏదో ఒక పచ్చ ఎయ్యమ్మా, బస్సుకు టైమైతాండాది."

"మీ అమ్మ ఏదో ఒక చీర కట్టుకోలేదు గదా."

దొర్నిపాడు నుంచి వచ్చిన ఆ రైతు తల గోక్కుని, చెల్లెల్ని అడిగి వచ్చి చెప్తానని వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు కూడా. చనిపోయిన తల్లి కట్టిన చీర గురించి ఇంటిల్లిపాదినీ కూర్చుని మాట్లాడుకునేలా చేసే మనిషి మీద ఎవరికి కోపం వస్తుంది?

ఒక్క విషయంలో మాత్రం ఆమెకు చెవుడు వచ్చేది. "రవ్వంత తెల్లగా చెయ్యమ్మా" అని అడగని మనిషి నంద్యాల తాలూకాలో పుట్టలేదు. కృపమ్మ అలాగేనని తల ఊపేది, చామనచాయను చామనచాయగానే ఉంచేది. వాళ్లు ఫోటో తీసుకుని, వెలుగులో పట్టుకుని చూసి, "ఇప్పుడు తెల్లగుండాడు" అని సంబరపడుతూ వెళ్లేవాళ్లు. బొమ్మలో ప్రాణం ఉంటే తెలుపు సంగతి ఎవరికీ గుర్తుండదని ఆమె నమ్మకం, ఆ నమ్మకం ఒక్కసారి కూడా వమ్ము కాలేదు.

ఎనభైలు వచ్చేసరికి కలర్ ఫిల్ము అందరికీ అందుబాటులోకి వచ్చింది. రంగులద్దే పని అడుగంటింది. సుందరరాజు కొన్నాళ్లు దిగులుపడి, ఆ దిగులు కూడా ఎక్కడో పెట్టి మరిచిపోయి, 1985లో మద్రాసు రైలెక్కాడు. వస్తూ వస్తూ ఒక వీడియో కెమెరా, రెండు వీసీఆర్లు, ఒక కలర్ టీవీ తెచ్చాడు. పెళ్లిని వీడియో తీసి క్యాసెట్లో ఇవ్వడం అప్పుడప్పుడే మొదలైంది. తీసినదంతా గంటల కొద్దీ ఉంటుంది. అందులో పనికొచ్చేది ఏరి, వరసలో పెట్టి, పాటలు కలిపి ఒక్క క్యాసెట్టుగా చేయడాన్ని మిక్సింగ్ అనేవాళ్లు. తీయడం సుందరరాజు వంతు, మిక్సింగ్ కృపమ్మ వంతు.

ఒక వీసీఆర్లో పెళ్లి ఆడుతుంటే రెండోదాంట్లో అది రికార్డవుతూ ఉంటుంది. అక్కర్లేనిది వచ్చే ముందు ఆపాలి, కావలసింది రాగానే వదలాలి. ఆ రోజుల్లో మిక్సింగ్ అంటే ఇంతే, కానీ ఈ ఇంతలోనే కొంప మునిగేది. బొత్తాం నొక్కాక యంత్రం కదలడానికి ఒక రెప్పపాటు పడుతుంది. ఆ రెప్పపాటు ముందే నొక్కకపోతే తాళి కట్టే చెయ్యి సగంలో తెగిపోతుంది. కృపమ్మ వేలికి ఆ లెక్క కొన్నాళ్లకే ఒంటబట్టింది. సాయంత్రమైతే కరెంటు నీరసించి టీవీలో మనుషులు నలిగిపోయేవాళ్లు కాబట్టి, ఆమె పొద్దున్నే వంట ముగించి కూర్చునేది.

ఆమెకు చర్చి పెళ్లిళ్లు తెలుసు. మిగతావాళ్ల పెళ్లిళ్లలో ఏది ముఖ్యమో తెలియదు. అందుకని పెళ్లికి ముందే ఆ ఇంటికి పోయి, పెద్ద ఆడవాళ్ల దగ్గర కూర్చుని, ఏది పోకూడదో అడిగి తెలుసుకునేది. ఏది కోయకూడదో తెలియనివాళ్ల చేతికి కత్తెర ఇవ్వడం కంటే కోతికి ఇవ్వడం మేలు. ఈ సంగతి తెలిసిన మిక్సింగ్ వాళ్లు ఆ చుట్టుపక్కల ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

1987 వేసవిలో ఆళ్లగడ్డ నుంచి పిలుపు వచ్చింది. విశ్వేశ్వరయ్య శెట్టిది అక్కడి బజారులో పెద్ద కిరాణా అంగడి. కూతురు సుబ్బలక్ష్మిని ప్రొద్దుటూరు వాళ్లకు ఇస్తున్నాడు. ఆళ్లగడ్డ అంగళ్ల వాళ్లది ఒకటే పద్ధతి, ఒకరింట్లో జరిగినట్టే పక్కింట్లోనూ జరగాలి. ఈ ఒక్క క్యాసెట్ బాగా వస్తే బజారు మొత్తం షారోన్ స్టూడియోదే. చెడిందా, మళ్లీ ఆ బస్సెక్కే పని లేదు.

కృపమ్మ అలవాటు ప్రకారం ముందే వెళ్లింది. పెళ్లికూతురి తల్లి ఉమామహేశ్వరమ్మ పనుల్లో తలమునకలై ఉంది. "మా అత్తనడుగమ్మా, ఆమెకన్నీ తెలుసు" అని వెనక వసారా చూపించి వెళ్లిపోయింది. అక్కడ విశ్వేశ్వరయ్య తల్లి కన్యకమ్మ చేట ముందర పెట్టుకుని కందిపప్పు ఏరుతోంది. పెళ్లి ఎలా జరుగుతుందో, ఏ ఘట్టంలో ఎవరి చెయ్యి కనబడాలో, చీర ఏ రంగో, అంచు ఏ రంగో ఆమె మధ్యాహ్నం దాకా చెప్పింది. చెబుతుంటే మొహంలో పెళ్లికళ ఆమెకే వచ్చింది.

"మరి నువ్వు యాడ కూచుంటావవ్వా? నిన్ను కూడా తియ్యమని మా ఆయనకు చెప్తా."

"నేనాడ ఉండనమ్మా. మొగుడు పోయిన మనిషిని. పందిట్లోకి రాకూడదు, పసుపు కుంకుమ ముట్టకూడదు. లోపల్నించి చూస్తాలే." కన్యకమ్మ చేట పక్కకు పెట్టింది. "దాన్ని పుట్టినప్పటినుంచి పెంచింది నేనే. నాకు అది బాగుంటే చాలు."

కృపమ్మకు ఒళ్లు మండింది. ఆ మంట ఎవరి మీద చూపాలో తెలియక గమ్మున బస్సెక్కి వచ్చేసింది.

పెళ్లి అయ్యాక సుందరరాజు క్యాసెట్లు తెచ్చి ఇచ్చాడు. మరునాడు పొద్దున కృపమ్మ మొదటిది వీసీఆర్లో పెట్టి, టీవీ వేసి, "యేసయ్యా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెళ్లికూతురు నీలం, పెళ్లికొడుకు నీలం, పురోహితుడు నీలం, అరటిబోదెలు నీలం. పెళ్లి కుందూ నది అడుగున జరిగినట్టుంది. అన్ని క్యాసెట్లూ అంతే.

"ఏందయ్యా ఇది? తెలుపు చూపించలేదా కెమెరాకు?"

వీడియో కెమెరాకు పని మొదలుపెట్టే ముందు తెల్లగుడ్డ ఒకటి ఎదురుగా పట్టి బొత్తాం నొక్కాలి. ఇదీ తెలుపు అని అది నమ్మి, మిగతా రంగులన్నీ దాన్ని బట్టి చూస్తుంది. సుందరరాజు తెల్లటి తువ్వాలు పట్టుకుపోయాడు కూడా. కానీ పందిట్లో దాన్ని విప్పగానే ముత్తైదువలు మీదికి లేచారు. శుభమా అని పెళ్లి జరుగుతుంటే పసుపు చుక్కైనా లేని ఉత్త తెల్లగుడ్డ పరుస్తావా అని తువ్వాలు లాక్కుపోయారు. ముహూర్తం దగ్గరపడింది. ఆయన ఏం చేయాలో తోచక నడవలో నిలబడితే, లోపలి గది తలుపు సందులోంచి ఒక ముసలి చెయ్యి వచ్చింది.

"కన్యకమ్మవ్వ. కొత్త పంచె పసుపు నీళ్లలో ముంచి పిండి ఇచ్చె. 'ఇంగ ఎవరూ ఏమనరు నాయనా, బేగా కానీ' అనె. రవ్వంత పసుపే గదా అనుకుంటి. ఆమె పసుపు ముట్టింది ఎవరూ చూడలేదు, నేనొక్కణ్ణే."

కెమెరాలో కన్ను పెట్టి చూసే చోట బొమ్మ నలుపు తెలుపే కాబట్టి ఆయనకు తర్వాత కూడా తేడా తెలియలేదు. పసుపే తెలుపని నమ్మిన కెమెరా, కనబడిన ప్రతిదానిలోంచి పసుపు లాగేసి, పెళ్లి మొత్తాన్ని నీలంలో ముంచింది.

ఏం చేయాలని ఇద్దరూ తలలు పట్టుకుని ఉండగానే, సరుకు పని మీద నంద్యాలకు వచ్చిన విశ్వేశ్వరయ్య శెట్టి, ఒక్కసారి చూసిపోదామని సంతోషంగా స్టూడియోలో అడుగుపెట్టాడు. టీవీ ఆపడానికి కూడా వ్యవధి లేకపోయింది.

"ఏందీ? ఏందప్పా ఇది? నా బిడ్డ విషం తాగినట్ల ఉండాదే!"

సుందరరాజు లేచి నిలబడ్డాడు. "అది కాదు శెట్టిగారూ, ఆ పొద్దు పందిట్లో గుడ్డ..."

"తప్పు మాదే శెట్టిగారూ," కృపమ్మ మాట మధ్యలోనే అందుకుంది. "కెమెరా సరిగ్గా పెట్టుకోలేదు. సరిచేసి ఇస్తాం."

"పదార్రోజుల పండగకు ప్రొద్దుటూరోళ్లు వస్తాండారు. వాళ్ల ముందర ఇది ఏస్తే అపశకునం అంటారు. ఆ లోపల సరిగ్గా వస్తే వచ్చె. లేకుంటే మా బజార్లో మీ స్టూడియో పేరు ఎవ్వరూ ఎత్తరు, చెప్తాండా." శెట్టి చెప్పుల్లో సరిగా కాళ్లు కూడా పెట్టుకోకుండా వెళ్లిపోయాడు.

సుందరరాజుకు పెళ్లైనప్పటి నుంచి రానంత కోపం వచ్చింది. "ఎందుకట్ల ఒప్పుకుంటివి? ఆ గుడ్డ ఇచ్చింది వాళ్లమ్మ గదా!"

"చెప్తే ఏమైతాది? మొగుడు పోయినామె పసుపు ముట్టబట్టే పెళ్లి నీలమయ్యెనంటారు. రేపు ఆ పిల్లకు తలనొప్పొచ్చినా ఆ అవ్వ మీదనే ఏస్తారు. మనకు పోతే ఒక బజారు పోతాది. ఆమెకు ఇల్లే పోతాది."

సుందరరాజు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ ఒక్క గుణానికి ఆయనను కూడా మెచ్చుకోవాలి.

ముందు కృపమ్మ పసుపు రంగు గాజుకాగితం తెచ్చి టీవీకి అడ్డం పెట్టింది. మనుషులు చింతచిగురు రంగుకు తిరిగారు. టీవీ బొత్తాలన్నీ తిప్పి చూసింది, నీలం ముదిరిందే గానీ విరగలేదు. ఫోటో అయితే పొర మీద పొర పూసి దారికి తెచ్చేది. కదిలే బొమ్మ మీద ఎక్కడని పూస్తుంది? అన్నం సహించక పెరట్లో కూర్చుని ఆలోచించింది. తిరిగి లోపలికి వచ్చినప్పుడు ఆమె చేతిలో నీలిమందు పొట్లం ఉంది.

"దానికి నువ్వొక అబద్ధం చెప్తివి, పసుపే తెలుపని. నేను ఇంకో అబద్ధం చెప్తా, నీలమే తెలుపని. రెండూ ఒకదాన్నొకటి కొట్టుకొని పోతాయి."

ఆమె ఉపాయం ఇదీ. తెల్లగుడ్డ పీలికలు నీలిమందులో ముంచి ఆరేస్తుంది. ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకటి ఇంకా లేత. ఆ పీలికను కెమెరాకు తెలుపని చూపిస్తుంది. తర్వాత గది చీకటి చేసి, టీవీలో ఆడుతున్న నీలం పెళ్లినే ఆ కెమెరాతో మళ్లీ తీస్తుంది. నీలాన్ని తెలుపని నమ్మిన కెమెరా ఈసారి నీలం లాగేస్తుంది. మాటలూ మంత్రాలూ వీసీఆర్ నుంచి వైరు గుండా వస్తాయి. ఇంటి ముందు తీగ మీద నీలం పీలికల తోరణం చూసి పక్కింటి అనసూయమ్మ, చర్చిలో ఏం పండగని అడిగింది. "పెళ్లి పండగ" అంది కృపమ్మ.

కిటికీలకు దుప్పట్లు కట్టుకుని, ఎండాకాలం ఉక్కలో, మొగుడూ పెళ్లాలు ఆ చీకటి గదిలో కూర్చున్నారు. ఒక పీలికకు పెళ్లికూతురు ఎర్రబడింది. ఒకదానికి అరటాకులు ఎండిపోయాయి. ఇంకోదానికి సుబ్బలక్ష్మి బంగారు బొమ్మలా మెరిసిపోయింది.

"ఇదే ఉంచు కృపా, శెట్టి మురిసిపోతాడు."

"మెరుస్తాండాది గానీ ఆ పిల్ల ఇది కాదు. తియ్యి."

ఆమె చూపు పెళ్లికూతురి పాదాల మీద ఉంది. పాదాల పసుపు పసుపుగా కనబడితే మిగతా రంగులు వాటంతట అవే దారికి వస్తాయని ఆమె పట్టుదల. చివరికి, గట్టిగా పిండి ఆరేసిన ఒక లేత పీలికకు పాదాలు పసుపుపచ్చగా వెలిగాయి. చీర మామిడిపండు రంగుకు, అంచు వంకాయ రంగుకు తిరిగాయి, కన్యకమ్మ చెప్పినట్టే. సుబ్బలక్ష్మి తన చామనచాయతో టీవీలోంచి చూసింది. బొమ్మ కొంచెం మెత్తబడిన మాట నిజమే గానీ, మనుషులు మనుషుల్లా ఉన్నారు. సుందరరాజు సంతోషం పట్టలేక భార్యకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. చెంబు ఎక్కడుందో ఆయనకు ఒక్క సారికే దొరికింది.

ఇక మిక్సింగ్. తాళి కట్టే ఘట్టం దగ్గర కృపమ్మ చెయ్యి ఆగింది. తాళి పడగానే అందరూ అక్షింతలు చల్లుతున్నారు. ఆ హడావుడిలో సుందరరాజు కెమెరా ఒకసారి లోపలి గది వైపు తిరిగింది. తలుపు మధ్యలో కన్యకమ్మ. తెల్లచీర, నీళ్లు నిండిన కళ్లు. గుప్పిట్లో అక్షింతలు తెచ్చుకుంది, అక్కడి నుంచే విసిరింది. అవి ఎంత దూరం పోతాయి? గడప దగ్గరే రాలిపోయాయి. కెమెరా మళ్లీ పందిరి వైపు తిరిగిపోయింది.

కృపమ్మ టేపు వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. అవ్వ చెయ్యి విసురుతుంది, అక్షింతలు గాల్లోకి లేస్తాయి. అవి గడప మీద రాలే ముందు ఆపేసింది. ఇంకొక చోటుకు టేపు తిప్పి, సుబ్బలక్ష్మి తల మీద అక్షింతలు పడుతుండగా, ఆ పిల్ల తల ఎత్తి నవ్వే చోట వదిలింది. ఒక్క రెప్పపాటు అటూ ఇటూ అయితే అతుకు కనబడిపోయేది. కనబడలేదు.

సుందరరాజు కంగారుగా లేచాడు. "శుభం జరిగే చోట ఆమెనా? శెట్టి ఊరుకుంటాడా? నీలం పోగొట్టి నెత్తికి ఇంకోటి తెచ్చుకుంటాండావే!"

"ఆ తప్పు మనది కాకపోయినా మనదంటిమి. ఇది మాత్రం నాదే. ఏమన్నా అంటే నన్నంటారులే" అంది కృపమ్మ. అందే గానీ ఆమెకూ భయంగానే ఉంది.

పదహారు రోజుల పండగ నాడు శెట్టిగారి నట్టింట్లో టీవీ పెట్టారు. ప్రొద్దుటూరు వియ్యపురాలు, వాళ్ల బంధువులు, బజారులో సగం మంది చాపల మీద సర్దుకున్నారు. కన్యకమ్మ ఎప్పటిలాగే లోపలి గది తలుపు చాటున నిలబడింది. కృపమ్మ క్యాసెట్ పెట్టి పక్కన గోడకు ఆనుకుంది. పసుపు పసుపుగా, పచ్చ పచ్చగా పెళ్లి మొదలైంది. విశ్వేశ్వరయ్య శెట్టి ఊపిరి వదిలిన చప్పుడు ఆమెకు వినబడింది. వియ్యపురాలు చీర అంచు బాగుందని మెచ్చుకుంది.

మేళం జోరందుకుంది. తాళి పడింది. అక్షింతలు లేచాయి. తలుపు మధ్యలో తెల్లచీర కట్టిన అవ్వ, ఆమె చెయ్యి, గాల్లో అక్షింతలు, సుబ్బలక్ష్మి తల మీద అక్షింతలు, సుబ్బలక్ష్మి నవ్వు.

నట్టింట్లో మాటలు ఆగిపోయాయి. ఆళ్లగడ్డ బజారు ఇక పోయినట్టే అనుకుంది కృపమ్మ. వియ్యపురాలు శెట్టి వైపు తిరిగి, "ఆ పెద్దామె ఎవరన్నా?" అని అడిగింది.

శెట్టి టీవీనే చూస్తున్నాడు. పెళ్లినాడు ఆ గదిలోంచి బయటికి రావద్దని తల్లికి చెప్పింది ఆయనే. "మా అమ్మ" అన్నాడు. "కృపమ్మా, ఆ బిట్టు మళ్లీ ఎయ్యి."

ఆమె టేపు వెనక్కి తిప్పి వేసింది. చూసి ఆయన ఇంకోసారి వేయమన్నాడు. ఈలోగా సుబ్బలక్ష్మి మొగుడి పక్కనుంచి లేచి లోపలి గదిలోకి పోయింది. అవ్వ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి టీవీకి ఎదురుగా, చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎవ్వరూ అడ్డు చెప్పలేదు.

కన్యకమ్మ కాసేపు టీవీ వైపు, కాసేపు కృపమ్మ వైపు చూసి, ఆమె చీర కొంగు పట్టి కిందికి లాగింది.

"నేనేసినవి గడప కాడ్నే రాలిపాయ గదమ్మా" అంది చెవిలో. "నా కండ్లతో చూస్తినే."

"మళ్లీ చూడవ్వా" అంది కృపమ్మ.

కన్యకమ్మ చూసింది. తన చెయ్యి విసరడం చూసింది, మనవరాలి నెత్తిన అక్షింతలు పడడం చూసింది. పక్కనే కూర్చున్న సుబ్బలక్ష్మి జుట్టు మీద చెయ్యి వేసి, అక్కడ ఏమైనా ఉన్నాయేమో అన్నట్టు మెల్లగా నిమిరింది.

"ఔను," అంది. "పడినాయి."